కపెంబ్వా మళ్ళీ పోయాడు

రాగి గనుల ఊరు లువాన్ష్యాలో కపెంబ్వా భయపడని వస్తువంటూ ఏదైనా ఉందంటే, అది ఇంకా అతని కంటపడలేదని అర్థం.

పాముకు భయపడ్డాడంటే సరే, ఎవరైనా భయపడతారు. కుక్కకు భయపడ్డాడన్నా సరిపెట్టుకోవచ్చు. కపెంబ్వాకు కోడిపెట్టంటే భయం. "అదేం చేస్తుందయ్యా నిన్ను?" అని అడిగితే, "అది ఎప్పుడూ మనల్ని ఒక కంటితోనే చూస్తుంది, గమనించావా? రెండో కన్ను అటుపక్క ఎవరికి సైగ చేస్తోందో మనకేం తెలుసు?" అంటాడు. గొడుగు టప్పున తెరుచుకుంటే భయం. చర్చిలో పాట ఒక్కసారిగా ఎత్తుకుంటే భయం. నవ్వుతూ మాట్లాడే డాక్టరంటే భయం, అసలు నవ్వని డాక్టరంటే ఇంకా భయం.

పోనీ, భయం వేస్తే గుట్టుగా దాచుకునే రకమా అంటే అదీ కాదు. రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని, "మాయో! నేను పోయా!" అని కేకేస్తాడు. మాయో అంటే అమ్మో అనే. ఆ కేక పేటలో ఈ చివర మొదలైతే ఆ చివర మేకలు మేత మానేసి తలలెత్తేవి. తన పెళ్ళిలో, "ఈమెను భార్యగా స్వీకరిస్తావా?" అని పాస్టరుగారు అడగ్గానే అతని నోట వచ్చిన మొదటి మాట కూడా అదే. ఆడపెళ్ళివారు దాన్ని సంతోషం పట్టలేక వేసిన కేక అనుకుని చప్పట్లు కొట్టారు. పెళ్ళికూతురు మాత్రం ముసుగులోంచి ఒక్క చూపు చూసింది. ఆ చూపుకు రెండోసారి పోయాడు.

"ఈయన పోయినప్పుడల్లా కూర్చుని ఏడవాలంటే నాకు వంటకి తీరిక దొరకదు," అనేది ఆవిడ, గరిటె తిప్పుతూనే.

ఇంతటి పిరికివాడికి ప్రాణస్నేహితుడెవరయ్యా అంటే, సంపా. రాగి గనిలో రెస్క్యూ దళానికి కెప్టెన్‌గా చేసి రిటైరైన మనిషి. లోపల పైకప్పు కూలితే అందరూ బయటికి పరిగెత్తేవారు, సంపా లోపలికి నడిచేవాడు. తలుపంత ఛాతీ. వీధి మలుపులో ముందు మీసం కనిపించేది, ఆ తరవాత మనిషి వచ్చేవాడు.

కపెంబ్వాది అదే గనిలో దీపాల గది ఉద్యోగం. లోపలికి దిగేవాళ్ళకి టోపీ దీపాలు అందించడం, పైకొచ్చాక తీసుకుని తుడిచి పెట్టడం. సర్వీసు మొత్తంలో ఒక్కసారైనా గనిలోకి దిగి ఎరగడు. "భూమ్మీదే ఇంత భయంగా ఉంటే, భూమి కింద ఇంకేముందో చూసి రావాలని ఎవడికి సరదా?" అనేవాడు.

సంపాకు అతనంటే చాలా ఇష్టం. నిజం చెప్పాలంటే ఆ ఇష్టంలో కాస్త స్వార్థం కూడా కలిసి ఉంది. మీసమైనా, ఛాతీ అయినా ఒంటరిగా ఉంటే ఎంతని కనిపిస్తాయి? పక్కన ఎవడో ఒకడు కోడిపెట్టను చూసి స్తంభం చాటుకు దూరితేనే కదా చూసేవాళ్ళకు తేడా తెలిసేది! కపెంబ్వా పక్కనుంటే సంపా ఏమీ చెయ్యకుండా ఊరికే కూర్చున్నా ధైర్యంగా కూర్చున్నట్టే ఉండేది.

దీనికి తోడు వాళ్ళ వంశాలు కూడా అలాగే కుదిరాయి. సంపాది చిరుత వంశం, కపెంబ్వాది మేక వంశం. ఈ రెండు వంశాలవాళ్ళూ ఒకర్నొకరు ఎంత మాటన్నా కోపం తెచ్చుకోకూడదని తాతలనాటి కట్టు. బావామరదుల పరాచికాల్లాంటివే అనుకోండి. కాకపోతే ఒకడు పోతే రెండోవాడే దగ్గరుండి గొయ్యి తవ్వించాలి.

"ఏరా మేకా, ఇవాళ ఎన్నిసార్లు పోయావ్?"

"నీకెందుకంత తొందర? గునపానికి పదును పెట్టించావా?"

రోజూ పొద్దున వాళ్ళ పలకరింపు ఇదే.

వీళ్ళిద్దరికీ మూడోవాడు ముతాలె. గని బస్సుకు డ్రైవరుగా పనిచేసి దిగిపోయాడు గానీ, నోరు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది. ముతాలె చెవిన పడిన కబురు పొద్దున్న పోస్టాఫీసు దగ్గర బయల్దేరితే మధ్యాహ్నానికి ఊరంతా తిరిగి, వేషం మార్చుకుని, ముతాలె దగ్గరికే కొత్త కబురై వచ్చేది. దాన్ని కూడా అంతే ఆశ్చర్యంగా వినేవాడు.

ఈ ముతాలె కూతుర్ని లువాంగ్వా లోయలో, అడవిని ఆనుకుని ఉన్న ఊరికిచ్చారు. ఎండలు ముదిరిన రోజుల్లో స్నేహితులు ముగ్గురూ ఆ అమ్మాయిని చూడ్డానికి బయల్దేరారు. "అడవి పక్కన ఊరా? నేను రాను," అన్నాడు కపెంబ్వా. తరవాత, ఇద్దరూ వెళ్ళిపోతే ఊళ్ళో తనొక్కడే ఉండాలన్న సంగతి గుర్తొచ్చి, ఆ భయంతో అందరికంటే ముందు బస్సెక్కి కూర్చున్నాడు.

అల్లుడు అటవీ శాఖలో పనిచేస్తాడు. మామగారి మీద గౌరవంతో తన జీపు ఇచ్చి, తోడుగా జెలీపా అనే గార్డును పంపాడు. సన్నగా, నిటారుగా ఉండే అమ్మాయి. తుపాకీ భుజాన వేసుకుని, నవ్వాలా వద్దా అని ప్రతిసారీ ఒక క్షణం ఆలోచించేది. గనుల ఊళ్ళో పుట్టి పెరిగిన ఈ ముగ్గురూ ఏనుగును క్యాలెండర్లో తప్ప చూసి ఎరగరు. జీపు నేనే నడుపుతానని ముతాలె పట్టుబట్టి స్టీరింగు ముందు కూర్చున్నాడు.

కపెంబ్వా జెలీపా పక్కన ఇరుక్కుని కూర్చుని, తుపాకీకేసి చూశాడు.

"అమ్మాయ్, ఇది పేలుతుందా?"

"పేలుతుంది తాతా."

"మాయో! మరి పక్కన పెట్టుకుని అంత నిమ్మదిగా కూర్చున్నావేం?"

"పేలకపోతే బావుండునా?"

కపెంబ్వా ఆలోచించాడు. "మాయో! అది ఇంకా ప్రమాదం!"

"ఇక్కడ అరవకూడదు తాతా. జంతువులు బెదురుతాయి."

"అవి బెదురుతాయా?" కపెంబ్వా ముఖం విప్పారింది. "నన్ను చూసే?"

అడవిలోకి జీపు ఇలా దూరిందో లేదో జింకల మంద ఒకటి ఎదురైంది. ఎర్రటి ఒళ్ళు, మెలితిరిగిన కొమ్ములు. అన్నీ ఒక్కసారిగా తలలెత్తి చూశాయి. "మాయో! అన్నీ నన్నే చూస్తున్నాయి!" అన్నాడు కపెంబ్వా. మంద మాయమైంది. ఆ తరవాత పొదల మీంచి ఒక జిరాఫీ తల పైకి లేచింది. "మాయో! ఒట్టి తలే! కింద మనిషి లేడు!" జిరాఫీ కూడా మాయమైంది. కోరల పంది ఒకటి పిల్లల్ని వెంటేసుకుని, తోక నిక్కబొడుచుకుని దుమ్ము రేపుకుంటూ పోయింది.

ముతాలె స్టీరింగు మీద అరచేత్తో కొట్టాడు. "పొద్దున్నించి ఈ అడవిలో వెనకవైపులు తప్ప ముందువైపు చూడలేదురా! ఏం చూశారు నాన్నా అని నా కూతురడిగితే ఏం చెప్పను? తోకలు చూశామని చెప్పనా?"

"తోకలే మంచివి. తోకతో ఎవరినీ కరవవు."

"ఒరేయ్ సంపా, వాడి నోరు మూయించు! నీ వంశపు చిరుత ఎక్కడైనా కనిపిస్తుందేమోనని నేను చూస్తుంటే!"

సంపా జీపు వెనక భాగంలో చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. గాలికి మీసం రెండుపక్కలకీ విచ్చుకుంది. "పోనీలేరా," అన్నాడు దొరతనంగా. "మేకను అడవికి తెచ్చి అరవొద్దంటే ఎలా? నేనున్నా కదా." ఆ చివరి మాట జెలీపాకు వినపడేట్టు కొంచెం గట్టిగా అన్నాడు. అన్నాక, చాలా రోజుల తరవాత తన ఒంటి మీద కెప్టెన్ చొక్కా ఉన్నట్టనిపించింది.

మధ్యాహ్నం ఒక పెద్ద చెట్టు కింద ఆగారు. ముతాలె కూతురు బుట్టలో ఉడికించిన చిలగడదుంపలు, వేరుసెనక్కాయలు, నూనెలో వేయించిన పిండి ఉండలు పెట్టి ఇచ్చింది. ఇంకో డబ్బాలో తాగడానికి మున్కోయో, పుల్లటి మొక్కజొన్న అంబలి. బుట్ట కపెంబ్వా ఒళ్ళో ఉంది. చెట్టు మీంచి మగ బబూన్ ఒకటి నింపాదిగా దిగి, అద్దె వసూలుకొచ్చిన ఇంటివాడిలా ఎదురుగా కూర్చుని బుట్టకేసి చూసింది.

"కదలొద్దు," అంది జెలీపా. "బుట్ట గట్టిగా పట్టుకోండి. ఇవ్వొద్దు."

అప్పటికే కపెంబ్వా చిలగడదుంపలన్నీ దానికి అప్పగించేశాడు. "తీసుకో బాబూ, తీసుకో. మొహమాటపడకు. ఇవిగో వేరుసెనక్కాయలు. ఉప్పు కూడా ఉంది, వేసుకుంటావా?"

బబూన్ ఉప్పు పొట్లం వాసన చూసి వద్దని పారేసి, బుట్టతో సహా చెట్టెక్కింది.

"ఒరేయ్!" ముతాలె చెట్టు మొదట్లోకి పరిగెత్తి పైకి చూశాడు. "ఆ ఉండలు నా కోసమని చేసింది రా నా కూతురు!"

"డబ్బా ఇవ్వలేదు చూశావా?" కపెంబ్వా మున్కోయో డబ్బాను గుండెలకు హత్తుకున్నాడు. "ఇది మాత్రం ప్రాణం పోయినా ఇవ్వను. అది అడగలేదనుకో."

ఆకలి మీద అడవి అందం ఎవరికీ ఎక్కలేదు. అది గమనించి కాబోలు, దగ్గర్లో మడుగుంది, నీటిగుర్రాలుంటాయి, నడిచి వెళ్ళి చూసొద్దామంది జెలీపా. బయల్దేరే ముందు ముగ్గుర్నీ వరసలో నిలబెట్టింది. "ఒకరి వెనక ఒకరు నడవాలి. అరవకూడదు. ఏది ఎదురొచ్చినా పరిగెత్తకూడదు. పరిగెత్తితే నేనేమీ చెయ్యలేను. నిలబడితే చెయ్యగలను."

"ఏది ఎదురొచ్చినా అంటే ఏమిటమ్మాయ్? ఇంకొంచెం చిన్నదేదైనా చెప్పు."

"నడవండి తాతా."

ముందు జెలీపా, వెనక ముతాలె, అతని వెనక డబ్బాతో కపెంబ్వా, అందరి వెనకా సంపా. వెనకవైపు ధైర్యవంతుడే ఉండాలని తన చోటు తనే నిర్ణయించుకున్నాడు. ఎండుగడ్డి నడుంలోతు ఉంది. దారి పక్కన మనిషంత ఎత్తున చీమల పుట్టలు. దూరంగా మడుగులోంచి నీటిగుర్రం ఒకటి, జోకుకు ఆలస్యంగా నవ్విన ముసలాయనలా, హో హో హో అంటోంది.

పుట్ట దాటగానే కుడిపక్క పొద కదిలింది. పొద కాదది. ఆడ ఏనుగు. దాని కాళ్ళ సందున నేల మీదికి వేలాడే తొండంతో ఏం చెయ్యాలో తెలియక తికమకపడుతున్న పిల్ల.

జెలీపా చెయ్యెత్తింది. "నిలబడండి. కదలొద్దు."

ఏనుగు చెవులు రెండూ విప్పింది. వాటితో ఆకాశం సగం మూసుకుపోయింది. తల పైకెత్తి ఘీంకరించింది.

సంపా అలాంటి చప్పుడు ఇదివరకు విననివాడు కాదు. గనిలో బండ విరిగేటప్పుడు అంతకంటే పెద్ద చప్పుళ్ళే విన్నాడు. కానీ అక్కడ చేతిలో తాడుండేది, వెనక తన మనుషులుండేవాళ్ళు, ముందు చెయ్యాల్సిన పని ఉండేది. తవ్వాలి, మొయ్యాలి, అరవాలి, లాగాలి. ఇక్కడున్న పని ఒక్కటే, ఊరికే నిలబడటం. అది తనకు చేతకాదని సంపాకు ఆ క్షణం దాకా తెలియదు.

ముందు మోకాళ్ళు పోయాయి. కాళ్ళున్న చోట తడిసిన గుడ్డ వేలాడుతున్నట్టుంది. ఒళ్ళంతా ఒకటే మాట చెబుతోంది: పరిగెత్తు. పరిగెత్తే కాళ్ళు లేవు, నిలబడే కాళ్ళూ లేవు. ఇంతలో తొడల మీదుగా వెచ్చగా ఏదో జారింది. అదేమిటో తెలిశాక సంపాకు ఏనుగు మీద భయం పోయింది. దానికంటే పెద్ద భయం వచ్చింది. ముందు ముతాలె ఉన్నాడు. అతను వెనక్కి తిరిగితే చాలు, ఊరంతా తెలిసిపోతుంది.

ఏనుగు పరుగందుకుంది.

అప్పుడు కపెంబ్వా వెనక్కి తిరిగాడు. ఇప్పుడు అరుస్తాడు, అందరం పోతాం, అనుకున్నాడు సంపా. కపెంబ్వా అరవలేదు. డబ్బా వదలకుండానే రెండు చేతులూ సంపా నడుం చుట్టూ వేసి, ముఖం అతని ఛాతీలో దాచుకుని గట్టిగా కరుచుకున్నాడు. చూసేవాళ్ళకి పిల్లాడు తల్లిని పట్టుకున్నట్టుంది. సంపాకు మాత్రం తెలుస్తోంది, తన బరువంతా కపెంబ్వా భుజం మీదుంది. గనిలో కప్పు కింద నిలబెట్టే దుంగలా ఉంది ఆ భుజం. కొంచెమైనా వణకడం లేదు.

"ఊపిరి పీల్చుకో," ఛాతీలోంచి చిన్న గొంతు వినపడింది. "ఇక వదులు. ఇంకోసారి. కాళ్ళ సంగతి నాకొదిలెయ్, నేను చూసుకుంటా."

నేల అదిరింది. దుమ్ము లేచింది. ఆ దుమ్ములో జెలీపా తుపాకీ కిందికి దించుకునే, పక్కింటి ఆవిడతో మాట్లాడినట్టు మాట్లాడుతోంది. "చాల్లేమ్మా. చూశాంలే. నీ బిడ్డకొచ్చిన భయమేం లేదు. తీసుకుని వెళ్ళిపో, వెళ్ళు." ఏనుగు ఆగింది. తల అటూ ఇటూ విసిరింది. ఇంత మాత్రానికే కంగారు పడ్డానా అన్నట్టు ఒక చెట్టు కొమ్మ విరిచి పక్కన పారేసి, పిల్లను తొండంతో ముందుకు నెట్టుకుంటూ పొదల్లోకి వెళ్ళిపోయింది.

అడవి సద్దుమణిగాక ముతాలె, ఎప్పుడు దూరాడో, ముందున్న ఇంకో పుట్ట చాటునుంచి తల బయటపెట్టాడు. అతనిటు తిరిగాడో లేదో కపెంబ్వా రెండు చేతులూ ఎత్తి, ఆ రోజుకల్లా పెద్ద కేక పెట్టాడు.

"మాయో! నేను పోయా! ఈసారి నిజంగా పోయా!"

అని వెల్లకిలా పడ్డాడు. పడుతూ పడుతూ సంపాను కూడా మీదికి లాక్కున్నాడు. చేతిలో డబ్బా మూత ఊడింది. పుల్లటి మున్కోయో మొత్తం ఇద్దరి మీదా నడుం నుంచి కింది దాకా ధారగా ఒలికిపోయింది. డబ్బా బోర్లాపడ్డాక కూడా కపెంబ్వా దాన్ని ఇంకోసారి విదిలించాడు. భయంతో చెయ్యి అదిరిందనుకున్నాడు ముతాలె. అది కావాలని చేసిన విదిలింపని తడిసిన పంట్లాంతో నేల మీద కూర్చున్న సంపా ఒక్కడికే తెలిసింది.

ముతాలె పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వి నవ్వి పుట్టకానుకున్నాడు. "ఒరేయ్ మేకా! ఉన్న ఒక్క డబ్బా కూడా పారబోశావు కదరా! పాపం సంపాను చూడు! జలగలా కరుచుకుంటే ఆయన నిలబడతాడా, నిన్ను మోస్తాడా? లువాన్ష్యా వెళ్ళనీ, నీ కథ చెప్పకపోతే నా పేరు ముతాలె కాదు!"

సంపా నోరు తెరిచాడు. "ముతాలె, అసలు జరిగింది..."

"అసలు జరిగింది నేను చెప్తా!" కపెంబ్వా అందుకున్నాడు. "కళ్ళు మూసుకున్నానా, చేతికి ఏదో పెద్దది తగిలింది. చెట్టనుకుని ఎక్కబోయా. చూస్తే మీసముంది!"

ముతాలె మళ్ళీ పడి పడి నవ్వాడు. జెలీపా సంపా కేసి, కపెంబ్వా కేసి చూసి, నవ్వాలా వద్దా అని ఒక క్షణం ఆలోచించి, నవ్వలేదు. తన మెడలోని గుడ్డ తీసి కపెంబ్వా చేతికిచ్చింది. "తుడుచుకోండి తాతా," అంది. ఆ తాతా అనడంలో పొద్దున లేని మర్యాద ఏదో వినపడింది సంపాకు.

మడుగు ఎవరికీ గుర్తు రాలేదు. జీపు దగ్గరికి తిరిగొస్తే అది కదలనంది. ముతాలె దిగేటప్పుడు రేడియో ఆపడం మరిచిపోయాడట. బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. అంతకాలం బస్సు నడిపిన మనిషికి ఆ మాట ఒప్పుకోవడం కష్టమై, బానెట్ ఎత్తి, తప్పు జీపుదే అన్నట్టు దాన్ని తిట్టడం మొదలుపెట్టాడు. జెలీపా దగ్గర్లో ఉన్న ఏటి ఒడ్డుకు వెళ్ళింది, అవతలి పల్లెవాళ్ళెవరైనా దోనె తెస్తారేమోనని.

సంపా, కపెంబ్వా చెట్టు నీడన కూర్చున్నారు. వేడిగాలికి పంట్లాములు ఆరుతున్నాయి. ఈగలు ముసిరాయి. కపెంబ్వా ఒక్కో ఈగకీ ఉలిక్కిపడుతున్నాడు.

"నీకు భయం వెయ్యలేదా?" అన్నాడు సంపా చివరికి.

"వెయ్యకపోవడమేంటి! నా గుండె ఇప్పటికీ ఆ పుట్ట దగ్గరే ఉంది. వెళ్ళేటప్పుడు తీసుకెళ్ళాలి."

"మరి అరవలేదేం?"

"చిన్న భయాలకైతే అరుస్తా. అంత పెద్దదానికి అరిచే తీరికెక్కడుంటుంది?"

"నన్నెందుకు పట్టుకున్నావ్?"

కపెంబ్వా జెలీపా ఇచ్చిన గుడ్డ మడతపెట్టాడు. "చూడు సంపా. భయపడటంలో నాది పుట్టిన దగ్గర్నించీ సర్వీసు. నువ్వు ఇవాళే చేరావు. కొత్తగా చేరినవాడికి పాతవాడు పని చూపించాలా వద్దా?"

గుడ్డను జేబులో పెట్టుకుంటూ అన్నాడు, "దీపాల గదిలోనూ అంతే. దీపం అందుకునే చేతులు చూస్తే తెలిసిపోయేది. కొత్తగా దిగే కుర్రాళ్ళ చేతుల్లో దీపం టకటకలాడేది. వాళ్ళు సిగ్గుపడేవాళ్ళు. అప్పుడు నేను బొద్దింకను చూసి పోయేవాణ్ణి. నన్ను చూసి నవ్వుకుంటూ దిగేవాళ్ళు."

"నిజంగా బొద్దింక ఉండేదా?"

"ఉన్నప్పుడు ఉండేది. లేకపోతే తలుపు కిర్రుమన్నా సరిపోయేది."

"అంటే ఇన్నాళ్ళూ వేషమా?"

"వేషమేంటి! భయం నాకు ఎలాగూ ఉన్నదేగా," కపెంబ్వా నొచ్చుకున్నాడు. "ఇంకెవరైనా వస్తారేమోనని కాస్త ఎక్కువ వండేవాణ్ణి. అంతే."

సంపాకు ఒక పొద్దున గుర్తొచ్చింది. కింద పెద్ద బండ పడింది, దళం దీపాల కోసం వరసగా నిలబడింది, ఒక్కడి నోటా మాట లేదు. కిటికీలో కపెంబ్వా రెక్కల పురుగును చూసి పోయి, స్టూలు మీంచి దబ్బున పడ్డాడు. లిఫ్టు దిగుతున్నంతసేపూ అందరూ దాని గురించే నవ్వుకున్నారు. ఆ నవ్వంతా తన నాయకత్వం గొప్పదనమని సంపా ఇన్నేళ్ళుగా నమ్ముతున్నాడు.

ఏటివైపు నుంచి జెలీపా పిలిచింది. దోనె వచ్చింది. చెట్టు మానును తొలిచి చేసిన సన్నటి దోనె. తెడ్డు పట్టుకుని ఒక ముసలి జాలరి. వంతెన దాకా నడిస్తే చీకటి పడుతుందని, పల్లెవాళ్ళు అల్లుడికి కబురందించారు కనక ఇలా దాటితే అతను అవతల ఒడ్డున ఉంటాడని జెలీపా చెప్పింది. ఏటి మధ్యన నీటిగుర్రాల చెవులు మాత్రమే పైకి కనిపిస్తున్నాయి. ఇసుక తిన్నె మీద మొసలి ఒకటి నోరు తెరిచి పడుకుంది.

ముతాలె జీపు తలుపు వదల్లేదు. "మీరెళ్ళండి. నేను జీపుకు కాపలా ఉంటా. టైర్లు కొత్తవి."

"ఇక్కడ టైర్లెవరెత్తుకెళ్తారు తాతా? సింహాలా?"

"సింహాలను మాత్రం నమ్మొచ్చా ఏంటి?" అన్నాడు ముతాలె. జోకు వేసి తను నవ్వలేదు. పొద్దున్నించి ఆగని నోరు ఆగిపోయింది. తలుపు పట్టుకున్న వేళ్ళు బిగుసుకున్నాయి.

కపెంబ్వా వెంటనే చేతులు నెత్తిన పెట్టుకున్నాడు. "మాయో! దోనె! నేను పోయా!"

ఎవరూ పట్టించుకోలేదు. పొద్దున్నించి అన్నిసార్లు పోయినవాడు ఇంకోసారి పోతే వింతేముంది? ముతాలె వేళ్ళు సడలలేదు. కపెంబ్వా మెల్లిగా సంపాకేసి చూశాడు.

సంపా ముతాలెను చూశాడు. ఆ నోటిని చూశాడు. పోస్టాఫీసు, చర్చి మెట్లు, బీరు దుకాణం, తనను ఇప్పటికీ కెప్టెన్ అని పిలిచే పేటంతా ఆ నోటి వెనక వరసగా కనిపించాయి. మీసం ఒకసారి సవరించుకున్నాడు. తరవాత రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు.

"మా... మాయో," అన్నాడు, ఆఫీసులో హాజరు పలికినట్టు. సరిపోలేదనిపించి గొంతు పెంచాడు. "మాయో! నాకు దోనె అంటే భయం! నేను పోతున్నాను!"

జాలరి తెడ్డు ఆపాడు.

"కెప్టెన్!" ముతాలె కళ్ళు పెద్దవయ్యాయి. తలుపు వదిలేసి రెండంగల్లో వచ్చాడు. "నీకా? దోనె అంటేనా? బండ కింద దూరినవాడివి, నీకు భయమా?"

"చచ్చేంత."

"ఓరి నా సంపా!" ముతాలె ముఖంలోకి రంగు తిరిగొచ్చింది. జాలి, ఆనందం, ఊరంతా చెప్పుకోదగ్గ కబురు దొరికిన తృప్తి, అన్నీ ఒకేసారి వచ్చాయి. "పిచ్చివాడా, ఏం కాదురా. నేను లేనూ? నా చెయ్యి పట్టుకో. అదిగో, అలా కాలు పెట్టు. నీళ్ళకేసి చూడకు, నాకేసి చూడు. కూర్చో. నేను నీ పక్కనే కూర్చుంటాగా!"

అని కూర్చున్నాడు. దోనె ఒడ్డు వదిలి చాలా దూరం వచ్చేదాకా తను దోనెలో ఉన్న సంగతి అతనికి తెలియలేదు. తెలిశాక కూడా, సంపా చెయ్యి తన చేతిలో ఉంది కనక, భయపడటానికి తీరిక లేకపోయింది. "భయపడకు కెప్టెన్, భయపడకు," అంటూనే ఉన్నాడు.

ఏటి నడిమికొచ్చేసరికి దోనె పక్కనే ఒక నీటిగుర్రం బుస్సున నీళ్ళు చిమ్ముతూ తల పైకెత్తింది.

"మాయో!" సంపా కేకకు ఇసుక తిన్నె మీద మొసలి నోరు మూసుకుని నీళ్ళలోకి జారింది.

వెనకనుంచి కపెంబ్వా ముందుకు వంగి అతని చెవిలో గుసగుసలాడాడు.

"మొదటిది పర్వాలేదు. ఇది మాత్రం చాలా బాగా వచ్చింది."